ఇంజను మీద అంకెలు, వాటి వెనక పుస్తకాలు

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మనవాళ్ళు ముందు పెయింటు చూస్తారు, తరవాత టైర్లు, ఆ తరవాత కిక్కు కొట్టి సౌండు వింటారు. ఇంజను మీద కొట్టిన నంబరు మాత్రం చివర్లో, అదీ ఆర్టీఓ ఏజెంటు పెన్సిలు ప్రింటు తెమ్మన్నప్పుడు గుర్తొస్తుంది. కాగితం అతికించి పెన్సిలు రుద్దితే నాలుగు అక్షరాలూ ఆరేడు అంకెలూ తేల్తాయి. ఆర్సీలో ఉన్నదానితో సరిపోతే బతికిపోయాం అనుకుంటాం. సరిపోకపోతే? లేదా ఆర్సీయే లేకుండా, ఏ పాత సామాన్ల కొట్లోనో ఇంజను ఒక్కటే దొరికితే? దాని మీద కంపెనీ పేరు లేదు, ఉన్నదల్లా ఎప్పుడూ చూడని ఒక కోడు. అది ఏ బండిది, ఏ దేశానిది, ఏ సంవత్సరానిది అని ఎలా తెలుసుకుంటాం?

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలిసిన సమస్యే. డాక్యుమెంటేషన్ లేని పాత సిస్టమ్ ఒకటి చేతికొస్తుంది, రాసినవాడు కంపెనీలో లేడు, అసలు కంపెనీయే లేదు. టేబుల్లో ఒక కాలమ్ ఉంటుంది, అందులో అక్షరాలూ అంకెలూ కలిపిన ఐడీలు. ఆ ఐడీకి అర్థం ఉందా, లేక వరస నంబరేనా? ఇంజను నంబర్ల చరిత్ర మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అందుకే ఇది మెకానిక్కుల గొడవే కాదు, మనది కూడా అనుకుంటున్నాను.

ముందు ఒక చిన్న విషయం తేల్చుకోవాలి. ఇంజను మీద కనిపించే ప్రతి నంబరూ ఇంజను నంబరు కాదు. పాత ఇంజను శుభ్రంగా తుడిచి చూస్తే మూడు నాలుగు చోట్ల అంకెలు కనిపిస్తాయి. వాటిల్లో ఉబ్బెత్తుగా పైకి తేలి ఉన్నవి అచ్చులో పోత పోసినప్పుడు వచ్చినవి. అది ఆ భాగం నంబరు, లేదా అచ్చు నంబరు. అదే అచ్చులోంచి వచ్చిన వేల ఇంజన్ల మీద అదే నంబరు ఉంటుంది. లోపలికి దిగి ఉన్నవి పంచ్ పెట్టి సుత్తితో కొట్టినవి. సాధారణంగా అసలు వరస నంబరు అదే. మన భాషలో చెప్పాలంటే మొదటిది క్లాసు, రెండోది ఆబ్జెక్టు. చాలామంది ఉబ్బెత్తు నంబరు పట్టుకుని రోజుల తరబడి వెతుకుతూ ఉంటారు, అది ఎంత వెతికినా ఏ సంవత్సరమో చెప్పదు.

మోటారు సైకిళ్ళ తొలిరోజుల్లో ఈ నంబరుకి ఉన్న అర్థం చాలా తక్కువ. ఫ్యాక్టరీలో ఒక పెద్ద పుస్తకం ఉండేది. ఇంజను తయారై బండికి ఎక్కి బయటికి వెళ్ళేటప్పుడు ఇంజను నంబరు, ఫ్రేము నంబరు, మోడలు, ఏ డీలరుకి పంపారు, ఏ తారీఖున పంపారు అని ఒక వరస రాసేవాళ్ళు. నంబరు ఆ పుస్తకంలోకి ఒక తాళంచెవి, అంతే. పుస్తకం ఉన్నంతకాలం నంబరు మాట్లాడుతుంది. పుస్తకం పోతే మూగదైపోతుంది.

బర్మింగ్‌హామ్‌లోని బీఎస్ఏ వాళ్ళు నంబరు ముందు మోడలు పేరు కూడా కొట్టేవారు. ఎమ్20 అని వాళ్ళ సైడ్ వాల్వ్ బండి ఒకటుంది, 496 సీసీ. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు సైన్యం కోసం ఇది లక్షా పాతిక వేలకు పైగా తయారైంది. యుద్ధకాలపు ఇంజన్ల మీద ఎక్కువగా డబ్ల్యూఎమ్20 అని, దాని పక్కన అంకెలు ఉంటాయి. ఇలాంటి బళ్ళు మన దేశంలోని సైన్యానికీ వచ్చాయి. యుద్ధం అయ్యాక డిస్పోజల్స్‌లో జీపులు కొన్నట్టే వీటినీ కొన్నవాళ్ళున్నారు. ఇప్పటికీ ఏ షెడ్డులోనో ఒక ఎమ్20 బయటపడిందంటే దాని వెనక ఇదే దారి ఉండే అవకాశం ఎక్కువ.

కానీ యుద్ధపు బళ్ళతో ఒక చిక్కుంది. సైన్యం వర్క్‌షాపుల్లో ఎవరూ ఈ బండి ఇంజను ఈ బండికే అని పట్టింపు పెట్టుకోలేదు. పాడైన ఇంజను దించి, బాగు చేసిన ఇంకో ఇంజను ఎక్కించి పంపేవారు. సైన్యానికి కావలసింది తమ సొంత లెక్క. ట్యాంకు మీద సి అక్షరంతో మొదలయ్యే నంబరు వేసుకునేవారు, మోటారు సైకిలుకి గుర్తు అది. కాబట్టి ఒకే బండికి మూడు పేర్లు: ఫ్యాక్టరీ ఇంజనుకి పెట్టిన పేరు, ఫ్యాక్టరీ ఫ్రేముకి పెట్టిన పేరు, సైన్యం పెట్టిన పేరు. ఆ ట్యాంకు మీద పెయింటు పోయాక మూడో పేరు పోయింది. మొదటి రెండూ ఇప్పుడు ఒకదానికొకటి సరిపోకపోయినా అది దొంగ బండి అని తేల్చెయ్యడానికి లేదు. పైగా పాత బీఎస్ఏల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు కూడా ఇంజను నంబరు, ఫ్రేము నంబరు వేరువేరుగానే ఉండేవి. ఈ సంగతి తెలియక మంచి బండిని అనుమానించి వదిలేసినవాళ్ళున్నారు.

ట్రయంఫ్ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. వాళ్ళు ఇంజను మీదా ఫ్రేము మీదా ఒకే నంబరు కొట్టేవారు. కొవెంట్రీలో ఉన్న వాళ్ళ ఫ్యాక్టరీ 1940 నవంబరు బాంబు దాడిలో నేలమట్టమైంది. 1942లో మెరిడెన్ అనే ఊళ్ళో కొత్త ఫ్యాక్టరీ మొదలైంది. 1951లో ట్రయంఫ్‌ను బీఎస్ఏ కొనేసింది. 1963లో 650 సీసీ ఇంజను, గేర్‌బాక్సు ఒకే డబ్బాలో పెట్టి తెచ్చినప్పుడు ఆ నంబర్లకి డీయూ అని ముందు తగిలించారు. డీయూ తరవాత వరస అంకెలు. అందులో తారీఖు లేదు, నెల లేదు. ఏ నంబరు ఏ సంవత్సరమో తెలియాలంటే మళ్ళీ పుస్తకమే చూడాలి.

1969 మోడలు నుంచి బీఎస్ఏ, ట్రయంఫ్ రెండూ కలిసి ఒక కొత్త పద్ధతి పెట్టాయి. నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన భాగం ఇది. పన్నెండు అక్షరాలు తీసుకున్నారు: ఎ, బి, సి, డి, ఇ, జి, హెచ్, జె, కె, ఎన్, పి, ఎక్స్. నంబరు ముందు రెండక్షరాలు కొడతారు. మొదటి అక్షరం నెల. ఎ అంటే జనవరి, బి ఫిబ్రవరి, ఇ మే, జి జూన్, అలా ఎక్స్ అంటే డిసెంబరు. రెండో అక్షరం సంవత్సరం, అదే పన్నెండు అక్షరాల్లోంచి. సి అంటే 1969, డి 1970, ఇ 1971, జి 1972, హెచ్ 1973, జె 1974, కె 1975, ఎన్ 1976, పి 1977, ఎక్స్ 1978. మధ్యలో ఐ, ఓ లాంటివి లేవు. ఒకటితోనూ సున్నాతోనూ పొరబడే అక్షరాలు తీసెయ్యడం ఎంత తెలివైన పనో, ఎప్పుడైనా ఫోన్లో పాస్‌వర్డు చదివి చెప్పినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడొక ఇంజను మీద ఎన్‌డి అని, తరవాత అయిదంకెలు, పక్కన టి120ఆర్ అని ఉందనుకోండి. టి120ఆర్ అంటే బొనెవిల్, 650 సీసీ. ఎన్ అంటే అక్టోబరు, డి అంటే 1970. అయితే 1970 అక్టోబరులో తయారైందా? కాదు. ఇక్కడే అందరూ పడేది. రెండో అక్షరం కేలెండరు సంవత్సరం కాదు, మోడలు సంవత్సరం. వాళ్ళ కొత్త మోడలు సీజను ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యేది. కాబట్టి 1970 సీజనులోని అక్టోబరు అంటే కేలెండరులో 1969 అక్టోబరు. మన ఫైనాన్షియల్ ఇయరు లాంటిదే లెండి. రిపోర్టు రాసేటప్పుడు ఏ ఇయరు అని అడక్కుండా మొదలుపెట్టినవాడికి ఏం జరుగుతుందో మీకు తెలుసు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు గ్యారేజీ సేల్‌లో పాత ట్రయంఫ్ చూసి ముచ్చటపడితే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు, అమ్మేవాడు చెప్పే సంవత్సరం నిజమో కాదో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

ఇంకో తెలివైన పని కూడా చేశారు. నంబరు కొట్టే చదును జాగా మీద ముందుగానే చిన్న చిన్న ట్రయంఫ్ గుర్తులు వరసగా అచ్చు వేసి, వాటి మీద నంబరు కొట్టారు. ఎవడైనా పాత నంబరు అరగదీసి కొత్తది కొడితే, కింద ఉన్న గుర్తులు కూడా పోతాయి, మోసం బయటపడుతుంది. కరెన్సీ నోటులో వాటర్‌మార్కు లాంటి ఆలోచన.

అన్నట్టు, పన్నెండు అక్షరాలతో సంవత్సరం రాస్తే పన్నెండేళ్ళకి అయిపోతాయి కదా? సి తో మొదలుపెట్టారు కాబట్టి పదేళ్ళకే 1978 తో ఎక్స్ వచ్చేసింది. 1979 కి మళ్ళీ మొదటికి వెళ్ళి ఎ వాడారు, 1980 కి బి. 2000 సంవత్సరం సమస్య అని మనందరికీ ఉద్యోగాలిచ్చిన వ్యవహారానికి ఇరవై ఏళ్ళ ముందే ఒక మోటారు సైకిలు ఫ్యాక్టరీ ఓవర్‌ఫ్లో చూసిందన్నమాట. కోడు అయిపోకముందే కంపెనీ అయిపోయేలా ఉండింది మరి. 1973లో బీఎస్ఏ గ్రూపు నార్టన్ విలియర్స్‌లో కలిసిపోయింది. అదే ఏడాది మెరిడెన్ మూసేస్తామని ప్రకటిస్తే కార్మికులు గేట్ల దగ్గర బైఠాయించారు. 1975లో ఆ ఫ్యాక్టరీని వాళ్ళే సహకార సంఘంగా నడపడం మొదలుపెట్టి 1983 దాకా లాగారు. రెండక్షరాల ఆ పద్ధతి పెట్టిన యాజమాన్యం పోయింది, సమ్మె చేసినవాళ్ళు మాత్రం దాన్ని కొనసాగించారు. ఇంజను మీద జె, కె అక్షరాలు చూస్తే నాకు ఆ గేటు దగ్గర కూర్చున్నవాళ్ళే గుర్తొస్తారు.

జపాన్ వాళ్ళ ఆలోచన వేరు. హోండా వాళ్ళు మోడలు పేరునే నంబరు ముందు పెట్టి, ఇంజనయితే చివర ఇ అని తగిలించారు. 1969లో వచ్చిన సీబీ750 ఫ్రేము మీద సీబీ750-1000001 దగ్గర మొదలైతే, ఇంజను మీద సీబీ750ఇ అని ఉంటుంది. ఇంజను నంబరూ ఫ్రేము నంబరూ కలగాపులగం కాకుండా ఒక్క అక్షరం. ఆ మోడల్లో మొదటి ఏడువేల పైచిలుకు బళ్ళని ఇసక అచ్చు ఇంజన్లు అని పిలుస్తారు, వాటి కేసింగు గరుకుగా ఉంటుంది. ఈరోజు పాత బళ్ళ బజారులో అదే మోడలు, అదే రంగు, అదే ఇంజను. నంబరు ఆ ఏడువేల లోపల ఉంటే ధర ఆకాశంలో ఉంటుంది, దాటితే నేల మీదికొస్తుంది. అంకెలకి ఇంత ధర పలికినప్పుడు ఆ అంకెల్ని మార్చాలన్న ఆశ కూడా పుడుతుంది కదా.

యమహా వాళ్ళది ఇంకా సాఫ్ట్‌వేర్ పద్ధతి. బజారులో బండికి ఏ పేరు పెట్టినా, ఫ్యాక్టరీలో ప్రతి మోడలుకీ మూడక్షరాల కోడు ఒకటి ఉంటుంది. నంబరు ఆ మూడింటితోనే మొదలవుతుంది. 1968లో వచ్చిన డీటీ1కి 214. 1973 నాటి ఆర్డీ350కి 351. ఎక్స్‌టీ500కి 1ఇ6. ఎస్ఆర్500కి 2జె4. నీళ్ళతో చల్లబడే ఆర్డీ350 ఎల్‌సీకి 4ఎల్0, దాని తమ్ముడు 250కి 4ఎల్1. మార్కెటింగు వాళ్ళు ఒక దేశంలో ఒక పేరు, ఇంకో దేశంలో ఇంకో పేరు పెట్టుకున్నా ఫ్యాక్టరీకి గుర్తు ఈ కోడే. అందుకే యమహా ఇంజను దొరికితే బండి పేరు ఏమిటని అడగడం దండగ, మొదటి మూడక్షరాలు చదవండి. మనకి ఈ కుటుంబంలోంచే 1983లో ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్ 350 వచ్చింది, 1985లో ఆర్ఎక్స్100 వచ్చింది. ఆర్ఎక్స్100 ఆగిపోయి మూడు దశాబ్దాలవుతోంది. అయినా దాని ఇంజను కోసం ఇప్పటికీ వెతికేవాళ్ళున్నారు. కోడు చూడకుండా డబ్బిచ్చేవాళ్ళూ ఉన్నారు.

మరి కోడు అసలు అర్థం కాకపోతే? నంబరు అరిగిపోతే? అప్పుడు కొలతలే దిక్కు. ఇంజనుకి రెండు కొలతలు జాతకం లాంటివి: సిలిండరు అడ్డం కొలత, అంటే బోరు. పిస్టను పైకీ కిందకీ నడిచే దూరం, అంటే స్ట్రోకు. బోరు వర్గాన్ని పై తో గుణించి నాలుగుతో భాగించి స్ట్రోకుతో గుణిస్తే సీసీ వస్తుంది. పదోక్లాసు లెక్కే. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు అయితే 346 సీసీ, అది బుల్లెట్ 350. 84, 90 అయితే 499, బుల్లెట్ 500. 65, 75 అయితే 249, జావా 250. 82, 94 అయితే 496, ఇందాకటి ఎమ్20. 50, 50 అయితే 98, ఆర్ఎక్స్100. ఒక జాగ్రత్త ఉంది. మన దేశంలో పాత ఇంజను ఒక్కసారైనా రీబోరింగు చెయ్యకుండా ఉండదు. ఓవర్ సైజు పిస్టను వేసిన ప్రతిసారీ బోరు కాస్త కాస్త పెరుగుతుంది. స్ట్రోకు మాత్రం క్రాంకు మారిస్తే తప్ప మారదు. కాబట్టి బోరు కొద్దిగా తేడాగా ఉన్నా కంగారు పడక్కర్లేదు, స్ట్రోకుని నమ్మండి. మన చెక్‌సమ్ అదే.

ఈ కొలతలు ఎంత దూరం తీసుకెళ్తాయో చెప్పడానికి ఒక కథ ఉంది. జర్మనీలో శాక్సనీ ప్రాంతంలో చోపావ్ అనే ఊళ్ళో డీకేడబ్ల్యూ ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ హెర్మన్ వెబర్ అనే ఇంజనీరు 1939లో ఆర్‌టీ125 అని చిన్న టూ స్ట్రోక్ బండి తయారు చేశాడు. బోరు 52, స్ట్రోకు 58, మొత్తం 123 సీసీ. యుద్ధం అయ్యాక సోవియట్ వాళ్ళు ఆ ఫ్యాక్టరీని విప్పుకుని పట్టుకెళ్ళారు, వెబర్‌నీ తీసుకెళ్ళారు. అతను 1948లో అక్కడే చనిపోయాడు. అతని డిజైను మాత్రం యుద్ధ పరిహారం కింద ఊరూరా తిరిగింది. 1946లో రష్యాలో మాస్క్వా ఎమ్1ఎ. 1948లో బీఎస్ఏ బాంటమ్, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మార్చి. అదే సమయంలో అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ 125. పోలండ్‌లో సోకోల్ 125. చివరికి 1955లో జపాన్‌లో యమహా మొట్టమొదటి బండి వైఏ1, వాళ్ళు ముద్దుగా ఎర్ర తూనీగ అనుకునేది. అన్నిటి మీదా వేరు వేరు పేర్లు, వేరు వేరు కోడ్లు. అంగుళాల్లో ఆలోచించే బర్మింగ్‌హామ్‌లో తయారైన బాంటమ్ సిలిండరు కొలిస్తే నిక్కచ్చిగా 52 మి.మీ., 58 మి.మీ. వస్తుంది. నంబరు మార్చొచ్చు, పేరు మార్చొచ్చు. కొలతలు మాత్రం పుట్టిల్లు చెప్పేస్తాయి. ఓపెన్ సోర్స్ అనే మాట పుట్టకముందే ప్రపంచమంతా ఫోర్కు చేసుకున్న ప్రాజెక్టు ఇది. ఒకటే తేడా, అసలు రాసినవాడిని ఎవరూ అడగలేదు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. ఇంగ్లండులో రెడిచ్ అనే ఊళ్ళో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు బుల్లెట్ 350ని లోపల జి2 అని పిలుచుకునేవారు. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టి తిరువొత్తియూరులో బళ్ళు బిగించడం మొదలైంది. మొదట్లో విడిభాగాలు ఓడలో వచ్చేవి, తరవాత యంత్రాలే వచ్చాయి, క్రమంగా బండి మొత్తం ఇక్కడిదైపోయింది. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, ఇంగ్లండులో ఆ కంపెనీ కథ 1970తో ముగిసింది. మన దగ్గర బుల్లెట్ మాత్రం ఆగలేదు. ఇప్పటికీ పాత బుల్లెట్ల పిచ్చి ఉన్నవాళ్ళు జి2 అనే మాట వాడతారు, అది ఎక్కడో మూతపడ్డ ఫ్యాక్టరీ లోపలి కోడు అని తెలిసినవాళ్ళు తక్కువ.

జావాది ఇంకో దారి. 1929లో ప్రాగ్‌లో యానెచెక్ అనే ఆయన వాండరర్ కంపెనీ నుంచి మోటారు సైకిలు హక్కులు కొని, తన పేరులో మొదటి రెండక్షరాలు, వాళ్ళ పేరులో మొదటి రెండక్షరాలు కలిపి జావా అని పెట్టాడు. చెక్ జావాల్లో టైపు నంబరే నంబరు ముందుంటుంది. 353 అంటే 250 సీసీ సింగిల్ సిలిండరు, 354 అంటే 350 సీసీ రెండు సిలిండర్లది. మైసూరులో ఐడియల్ జావా 1961లో మొదలైనప్పుడు తీసుకున్నది ఆ 353 కుటుంబమే. 1973 నుంచి పేరు యెజ్దీ అయింది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్దీ పేర్లు మళ్ళీ రోడ్డు మీదికొచ్చాయి గానీ ఇంజను పూర్తిగా వేరు. పేరు ఒకటే, క్లాసు వేరు.

మా టీములో ఒకబ్బాయికి వాళ్ళ తాతగారి జావా వచ్చింది. ఆర్సీ ఉంది, తాతగారి పేరుంది, ఫ్రేము నంబరు అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఇంజను నంబరు మాత్రం వేరు. ఇంట్లో ఒక్కరికీ కారణం తెలియదు. కొలిస్తే స్ట్రోకు 75 మి.మీ., కాబట్టి జావా ఇంజనే. దొంగ ఇంజనేమోనని వాళ్ళమ్మగారికి ఒకటే భయం. పెద్దాయన పేరు మీద మచ్చ పడుతుందేమో అని. చివరికి తాతగారి పాత డైరీలో మెకానిక్కు రాసిచ్చిన రసీదు దొరికింది: పాత ఇంజను క్రాంక్‌కేసు పగిలింది, ఫలానా నంబరు ఇంజను ఇంతకి కొని వేశాను అని. వంకర అక్షరాలతో ఉన్న ఆ చిన్న కాగితం లేకపోతే ఆ కుటుంబం దగ్గర చెప్పడానికి ఏ జవాబూ లేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను బండిలో మార్పుల గురించి. ఇంజను మార్చితే ఆ సంగతి రిజిస్ట్రేషను అధికారికి తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. మనవాళ్ళు చెయ్యరు. చెయ్యకపోతే ఏమవుతుంది అంటే, పదేళ్ళపాటు ఏమీ అవ్వదు. బండి అమ్మేరోజునో, ప్రమాదం జరిగి ఇన్సూరెన్సు అడిగిన రోజునో, పేరు మార్పించుకునే రోజునో అవుతుంది. సెకండ్ హ్యాండ్ ఇంజను కొనేముందు, ఆ నంబరు దొంగతనం కేసుల్లో ఉందేమో జాతీయ నేర రికార్డుల సంస్థ వాళ్ళ వాహన్ సమన్వయ్ వ్యవస్థలో చూసుకోవచ్చు. ఇంజను నంబరుతోనూ చూడొచ్చు. ఆ పని అయ్యాక కూడా అమ్మినవాడి సంతకంతో రసీదు తీసుకోవాలి.

నంబరు అరగదీస్తే పని అయిపోతుందని దొంగలు అనుకుంటారు. పంచ్ పెట్టి కొట్టినప్పుడు లోహం కనిపించే గాడి వరకే నలగదు, దాని కింద కూడా నలుగుతుంది. పైన అరగదీసి పాలిష్ చేసినా కింద నలిగిన భాగం అలాగే ఉంటుంది. ఫోరెన్సిక్ ల్యాబులో రసాయనం పూస్తే నలిగిన లోహానికీ నలగని లోహానికీ తేడాగా తినేస్తుంది, పాత అంకెలు నీడలా తేల్తాయి. ఉక్కుకి కాపర్ క్లోరైడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన రియేజెంటు వాడతారు, అల్యూమినియానికి వేరే ఉంటాయి. డిలీట్ కొట్టినంత మాత్రాన డిస్కులోంచి పోదని మనకి తెలుసుగా, ఇదీ అంతే.

ఇంత గందరగోళం ఎందుకు, ప్రపంచమంతా ఒకే పద్ధతి పెట్టుకోవచ్చు కదా అంటే, పెట్టుకున్నారు. పదిహేడు అక్షరాల విఐఎన్. అమెరికాలో 1981 మోడళ్ళ నుంచి తప్పనిసరి. ఇందులో ఐ, ఓ, క్యూ ఉండవు. మొదటి మూడక్షరాలు తయారీదారు: ఎమ్ఇ3 అంటే రాయల్ ఎన్‌ఫీల్డ్, ఎమ్‌డి2 బజాజ్, ఎమ్‌బిఎల్ హీరో. అమెరికా పద్ధతిలో తొమ్మిదోది చెక్ డిజిట్, పదకొండుతో భాగిస్తే వచ్చే శేషం. పది వస్తే ఎక్స్. పదో అక్షరం మోడలు సంవత్సరం: 1980కి ఎ, 2000కి వై, 2001 నుంచి అంకెలు, 2010కి మళ్ళీ ఎ. అంటే ముప్ఫై ఏళ్ళకి ఓవర్‌ఫ్లో. పన్నెండు నుంచి ముప్ఫైకి వచ్చామన్నమాట, అభివృద్ధే! కానీ అసలు సంగతి, విఐఎన్ ఉండేది ఛాసిస్‌కి. ఇంజను నంబరు ఇప్పటికీ ఏ కంపెనీ ఇష్టం ఆ కంపెనీది. ఛాసిస్ లేకుండా ఒంటరిగా దొరికిన ఇంజను ఈరోజు కూడా 1940లో ఉన్నంత అనాథే.

రిజిస్ట్రేషను నంబర్ల సంగతి చూడండి. మన కళ్ళముందే ఏపీ కాస్తా 2014లో హైదరాబాదులో టీఎస్ అయింది, 2024లో టీజీ అయింది. అటు ఆంధ్రాలో 2019లో జిల్లా ఏదైనా కొత్త బళ్ళకి ఏపీ 39 అని మొదలుపెట్టారు. ప్లేటు మీద నంబరు ప్రభుత్వం పెట్టిన పేరు, రాజకీయం మారితే మారుతుంది. ఇంజను మీద నంబరు పుట్టినచోట పెట్టిన పేరు. రాష్ట్రం మారినా, కంపెనీ మునిగినా, ఓనరు పోయినా అది అలాగే ఉంటుంది.

నా అభిప్రాయం ఇది. కోడులో అర్థం ఇరికించడం గొప్పా, వట్టి వరస నంబరు గొప్పా అని మనం డేటాబేస్ డిజైన్లో గంటలు గంటలు వాదించుకుంటాం. ట్రయంఫ్ వాళ్ళు అర్థం ఇరికించారు, దానికి గడువు తీరింది. అంతకుముందు డీయూలో అర్థం లేదు, పుస్తకం చూస్తేగానీ తెలియదు. రెండు పద్ధతుల్లోనూ చివరికి ఆదుకున్నది పుస్తకమే. బ్రిటన్‌లో ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు ఆ లెడ్జర్లని క్లబ్బులు కాపాడాయి. వింటేజ్ మోటర్ సైకిల్ క్లబ్ దగ్గర బీఎస్ఏ, ట్రయంఫ్ రికార్డులున్నాయి, రెడిచ్ పుస్తకాలు ఎన్‌ఫీల్డ్ ఓనర్ల క్లబ్ దగ్గరున్నాయి. నంబరు పంపితే ఏ రోజు ఫ్యాక్టరీ గేటు దాటిందో, ఏ డీలరుకి వెళ్ళిందో చూసి రాసి పంపుతారు. కంపెనీ చచ్చిపోయాక కూడా నంబరు మాట్లాడేది అందుకే. డబ్బు కోసం కాదు, ఆ బళ్ళంటే ఇష్టం కొద్దీ ఎవరో కొంతమంది తడిసిన పుస్తకాలు ఆరబెట్టి, పేజీలు లెక్కపెట్టి దాచారు.

మన దేశంలోనూ మోటారు సైకిళ్ళు చేసిన ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వాటి బళ్ళు ఇంకా లక్షల ఇళ్ళల్లో ఉన్నాయి. 2021లో కేంద్రం యాభై ఏళ్ళు దాటిన బళ్ళని వింటేజ్ కింద రిజిస్టరు చేసుకునే నిబంధన తెచ్చింది. అంటే ఈ కాగితాల అవసరం ఇకమీదట పెరిగేదే తప్ప తగ్గేది కాదు. స్ప్రెడ్‌షీటులు నింపడంలో మనల్ని మించినవాళ్ళు ప్రపంచంలో లేరు. ఏ పాత డీలరు దగ్గరో, రిటైరైన ఫోర్‌మన్ దగ్గరో ఒక సేల్స్ రిజిస్టరు ఉందని తెలిస్తే దాన్ని ఫొటోలు తీసి ఎక్కించడానికి మనకి రెండు ఆదివారాలు చాలు.

అంతదాకా ఎందుకు, మీ నాన్నగారి బండి ఇంజను నంబరు మీకు తెలుసా? ఈ ఆదివారం గుడ్డపేలిక, కాస్త కిరసనాయిలు పట్టుకుని కూర్చోండి. నంబరు శుభ్రంగా తుడిచి ఫొటో తియ్యండి. ఆర్సీ పక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం సరిచూడండి. సరిపోకపోతే కారణం చెప్పగలిగిన మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నప్పుడే అడిగి, రాసి పెట్టుకోండి.